గాలి అందేదాకా ఆగాలి

పెట్రోలు కరువు, పొగ చట్టాల మధ్య పుట్టిన అమెరికన్ టర్బో కార్లు ఎక్కువ కాలం నిలవలేదు. వాటి మీద మమకారం మాత్రం నలభై ఏళ్లయినా తగ్గలేదు

2024 నవంబరు 22న అమెరికన్ ర్యాప్ గాయకుడు కెండ్రిక్ లమార్ ముందస్తు ప్రకటన ఏదీ లేకుండా ఒక ఆల్బమ్ విడుదల చేశాడు. దాని పేరు 'జీఎన్‌ఎక్స్'. అట్ట మీద ఆయనతో పాటు ఒక పాత నల్లకారు. ఆ తర్వాతి వారం, డెట్రాయిట్ శివార్లలో నేను పనిచేసే ఆఫీసులో పాతికేళ్ల కుర్రాళ్లు ఆ పేరుకు అర్థమేమిటని నన్ను అడగడం మొదలుపెట్టారు. అక్కడ జుట్టు నెరిసినవాణ్ని నేనొక్కణ్నే మరి. అది కారు పేరని, 1987లో జనరల్ మోటార్స్‌లోని బ్యూక్ విభాగం అలాంటివి 547 మాత్రమే తయారు చేసిందని, లమార్ పుట్టింది కూడా ఆ ఏడాదేనని చెప్పాను. దానికి వరసకు అన్న అయ్యే కారు ఒకటి ముప్ఫయ్యేళ్లకు పైగా మా గరాజులో ఉందని మాత్రం చెప్పలేదు. ఆ సంగతి మొదలుపెడితే మధ్యాహ్నం భోజనాల టైమ్ చాలదు.

అమెరికాలో పాత కార్ల మీద మమకారం అనగానే ఎక్కువమందికి 1960ల నాటి పెద్ద వీ-8 ఇంజన్ల కార్లే గుర్తొస్తాయి. పెట్రోలు నీళ్లలా దొరికిన కాలం అది. బలం కావాలంటే ఇంజన్ సైజు పెంచేవారు. నా మమకారం వాటి మీద కాదు. ఆ వైభవం ముగిశాక, చమురు కరువు, కాలుష్య చట్టాలు రెండు వైపులా నొక్కుతున్నప్పుడు చిన్న ఇంజన్లతో పెద్ద పని చేయించిన కార్ల మీద. బ్యూక్ గ్రాండ్ నేషనల్, ఫోర్డ్ మస్టాంగ్ ఎస్‌వీఓ, డాడ్జ్ ఆమ్నీ జీఎల్‌హెచ్, జీఎంసీ సైక్లోన్. ఇవన్నీ టర్బోచార్జర్ బిడ్డలు. మన పాఠకుల్లో చాలామంది ఈ పేర్లు విని ఉండరు. కానీ వాటి కథలో ఇవాళ హైదరాబాద్ రోడ్ల మీద తిరిగే కార్లకూ వాటా ఉంది.

టర్బో అంటే ఏమిటో నాకు మొదట చెప్పింది అమెరికా కాదు, కాజీపేట. చెప్పిన యంత్రం మాత్రం అమెరికన్‌దే. నాన్న అక్కడి డీజిల్ లోకో షెడ్డులో ఫిట్టరు. 1970లలో సింగరేణి బొగ్గు రైళ్లను లాగినవి డబ్ల్యూడీఎం-2 ఇంజన్లు. న్యూయార్క్ రాష్ట్రంలోని అమెరికన్ లోకోమోటివ్ కంపెనీ, అంటే ఆల్కో, డిజైన్ అది. 1962లో మొదటి ఇంజన్లు ఓడలో వచ్చాయి. తర్వాత వారణాసిలో మనమే వాటిని వేలల్లో తయారు చేసుకున్నాం. పదహారు సిలిండర్లు, 2,600 హార్స్‌పవర్, నెత్తిన టర్బో. డ్రైవర్ నాచ్ పెంచగానే ఆ ఇంజన్ నల్లటి పొగను ఆకాశానికి ఎగజిమ్మేది. రెండు మూడు క్షణాల తర్వాత పొగ పలచబడి, అప్పుడు బరువు కదిలేది. ఎందుకలా అని చిన్నప్పుడు నాన్నను అడిగాను. "గాలి ఇంక రాలే బిడ్డా, నూనె ముందుగాల వచ్చింది. గాలి అందేదాకా ఆగాలె" అన్నాడు.

తర్వాత వరంగల్ ఆర్ఈసీలో మెకానికల్ చదివినప్పుడు ఆ మాటకే పెద్ద పేర్లు తగిలాయి. ఇంజన్ నుంచి బయటికి పోయే వేడి పొగలో బోలెడంత శక్తి వృథా అవుతుంది. ఆ పొగతో ఒక చిన్న చక్రాన్ని తిప్పి, అదే ఇరుసు రెండో చివరన ఉన్న ఇంకో చక్రంతో బయటి గాలిని నొక్కి సిలిండర్లలోకి తోస్తే, ఎక్కువ గాలితో ఎక్కువ ఇంధనం మండుతుంది. చిన్న ఇంజన్ పెద్ద ఇంజన్‌లా పనిచేస్తుంది. స్విట్జర్లాండ్ ఇంజనీర్ ఆల్‌ఫ్రెడ్ బుచీ 1905లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు. కార్లలో వాడే చిన్న టర్బో నిమిషానికి లక్షసార్లకు పైగా తిరుగుతుంది. అయితే పొగ పెరిగితేనే చక్రం వేగం పెరుగుతుంది, చక్రం వేగం పెరిగితేనే గాలి అందుతుంది. డ్రైవర్ కాలు నొక్కిన క్షణానికీ బలం వచ్చే క్షణానికీ మధ్య ఉండే ఆ ఖాళీనే ఇంగ్లీషులో టర్బో ల్యాగ్ అంటారు. నాన్న దాన్ని ఒక్క వాక్యంలో చెప్పేశాడు.

అమెరికా కార్లలోకి టర్బో తొలిసారి వచ్చింది కరువు కాలంలో కాదు, వైభవ కాలంలోనే. 1962లో జనరల్ మోటార్స్ కొద్ది వారాల తేడాతో రెండు టర్బో కార్లను మార్కెట్‌లోకి వదిలింది. ఒకటి ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, రెండోది షెవర్లే కోర్వేర్ మోంజా స్పైడర్. జెట్‌ఫైర్‌లో మూడున్నర లీటర్ల అల్యూమినియం వీ-8 ఇంజన్ 215 హార్స్‌పవర్ ఇచ్చేది. ఆ రోజులకు అది అద్భుతమే. కానీ నొక్కిన గాలి వేడెక్కుతుంది. వేడి ఎక్కువైతే పెట్రోలు తన వంతు రాకముందే పేలి పిస్టన్‌ను దెబ్బ కొడుతుంది. దీనికి ఓల్డ్స్‌మొబైల్ ఇంజనీర్లు కనిపెట్టిన విరుగుడు ఒక ద్రవం. నీళ్లు, మిథనాల్ కలిపిన మిశ్రమాన్ని ఇంజన్‌లోకి చిలకరించి చల్లబరచడం. 'టర్బో రాకెట్ ఫ్లూయిడ్' అని దానికి ఘనమైన పేరు కూడా పెట్టారు. దాని ట్యాంకు ఖాళీ అయితే టర్బో బలం తగ్గిపోయేలా ఏర్పాటు ఉండేది. చాలామంది ఆ ద్రవం నింపడమే మరిచిపోయారు. పెట్రోలు పోయించుకోవడం తప్ప ఇంకో పని పెట్టే కారు అమెరికన్‌కు నచ్చలేదు. రెండేళ్లలో పదివేలు కూడా అమ్ముడుపోలేదు. చివరికి 1965లో కంపెనీయే కావలసినవారికి టర్బో పీకి మామూలు కార్బురేటర్ బిగించి ఇచ్చింది. పెట్రోలు చౌకగా ఉన్నంతకాలం ఇంత తెలివితో ఎవరికీ పని పడలేదు.

1970లలో పని పడింది. 1970లో పరిశుభ్ర గాలి చట్టం. 1973 అక్టోబరులో అరబ్ దేశాల చమురు నిషేధం. 1974లో దేశమంతటా గంటకు 55 మైళ్ల గరిష్ఠ వేగం. 1975లో మైలేజీ చట్టం వచ్చి, 1985 నాటికి కార్ల సగటు గ్యాలన్‌కు 27.5 మైళ్లు ఉండాలని నిర్దేశించింది. వీటన్నిటి దెబ్బకు 1975 నాటి కార్వెట్, అంటే అమెరికా గర్వంగా చెప్పుకునే స్పోర్ట్స్ కారు, 5.7 లీటర్ల ఇంజన్‌తో 165 హార్స్‌పవర్ దగ్గర ఆగిపోయింది. చట్టాలు కార్ల ప్రాణం తీశాయన్న మాట అప్పుడు డెట్రాయిట్ అంతటా వినిపించేది. పాత కార్ల అభిమానుల సభల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. నేను ఆ మాట ఒప్పుకోను. ఎందుకో చెప్పడానికి బ్యూక్ ఒక్కటి చాలు.

బ్యూక్ అంటే అమెరికాలో డాక్టర్లు, బ్యాంకు మేనేజర్లు, రిటైరైన పెద్దమనుషులు నడిపే కారు. 1960లలో ఆ కంపెనీ ఒక వీ-6 ఇంజన్ చేసి, ఎవరూ కావాలనడం లేదని 1967లో దాని యంత్ర సామగ్రి మొత్తాన్నీ జీపులు తయారు చేసే కైజర్ కంపెనీకి అమ్మేసింది. చమురు కరువు రాగానే ఆరు సిలిండర్ల విలువ తెలిసొచ్చింది. 1974లో అదే సామగ్రిని తిరిగి కొనుక్కుంది. అమ్మేసిన బర్రెనే మళ్లీ సంతలో కొనుక్కొచ్చినట్టన్నమాట. ఆ వీ-6కు టర్బో తగిలించి 1976లో ఇండియానాపోలిస్ 500 రేసుకు ముందు నడిచే పేస్ కారుగా పంపారు. 1978లో అమ్మకానికి పెట్టారు. అప్పుడు దాని బలం 150, 165 హార్స్‌పవర్లే. అయితే జెట్‌ఫైర్ కాలంలో లేనిది ఒకటి ఇప్పుడుంది. ఇంజన్‌లో పెట్రోలు ముందుగా పేలుతోందేమో చెవి ఒగ్గి వినే సెన్సర్, వినగానే స్పార్క్‌ను వెనక్కి జరిపే ఎలక్ట్రానిక్ పెట్టె. పొగ చట్టాల కోసం కార్లలోకి వచ్చిన కంప్యూటరే చివరికి టర్బోను బతికించింది.

ఆ తర్వాత ఏటా ఒక మెట్టు. 1984లో ప్రతి సిలిండర్‌కూ విడివిడిగా, వంతు ప్రకారం పెట్రోలు అందించే ఇంజెక్షన్ వచ్చింది. గ్రాండ్ నేషనల్ బలం 200 హార్స్‌పవర్‌కు చేరింది. ఆ ఏడాది నుంచే అది పూర్తి నలుపు. ఒంటి మీద నికెల్ మెరుపులు దాదాపు లేవు. 'స్టార్ వార్స్' విలన్ డార్త్ వేడర్ కారని జనం పేరు పెట్టారు. 1986లో టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ చేరింది, బలం 235. 1987లో 245. అదే ఏడాది కార్వెట్ ఎనిమిది సిలిండర్లతో ఇచ్చింది 240. పెద్దమనుషుల కారు, ఆరు సిలిండర్లతో, అదే సంస్థ తీసిన స్పోర్ట్స్ కారును దాటేసింది. ఏ చట్టాలు కార్ల ప్రాణం తీశాయన్నారో ఆ చట్టాల ఒత్తిడిలో పుట్టిన ఇంజన్ అది. ఒత్తిడి లేకపోతే ఆ వీ-6 అచ్చులు జీపుల కంపెనీ గోదాములోనే ఉండిపోయేవి.

బ్యూక్ ఒక్కటే కాదు. ఫోర్డ్ 1984లో మస్టాంగ్ ఎస్‌వీఓ తెచ్చింది. 2.3 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్, టర్బో, ఇంటర్‌కూలర్, 175 హార్స్‌పవర్. పోసిన పెట్రోలు మామూలుదా, మేలురకమా అని చెప్పడానికి డ్యాష్‌బోర్డు మీద ఒక స్విచ్ కూడా. అదే షోరూములో వీ-8 మస్టాంగ్ వేల డాలర్లు తక్కువకు దొరకడంతో జనం దాన్నే కొన్నారు. 1986తో ఎస్‌వీఓ ఆగిపోయింది. క్రైస్లర్‌లో లీ అయకోకా, రేసు కార్ల దిగ్గజం కారల్ షెల్బీ కలిసి ఆమ్నీ అనే డబ్బాలాంటి చిన్నకారుకు టర్బో పెట్టించారు. జీఎల్‌హెచ్ అని షెల్బీ పెట్టిన పేరును విడమరిస్తే 'నరకంలా పరుగెడుతుంది' అని అర్థం. 1986లో షెల్బీ సొంతంగా మలిచిన జీఎల్‌హెచ్-ఎస్‌లు 500. కూరగాయలు తెచ్చుకునే కారుకు 175 హార్స్‌పవర్ ఇవ్వాలన్న ఆలోచనే నాకు ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది.

నేను డెట్రాయిట్‌లో దిగింది 1984 ఆగస్టులో, ఎమ్మెస్ చదవడానికి. అప్పటికి రెండేళ్ల క్రితం, 1982 జూన్‌లో, ఆ నగరం పక్కనే హైలాండ్ పార్క్‌లో విన్సెంట్ చిన్ అనే చైనా సంతతి యువకుణ్ని ఇద్దరు తెల్లవాళ్లు బేస్‌బాల్ బ్యాటుతో కొట్టి చంపారు. ఒకరు కార్ల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఇంకొకరు ఆ రంగంలోనే ఉద్యోగం పోయినవాడు. జపాన్ కార్ల వల్ల అమెరికన్ల ఉద్యోగాలు పోతున్నాయన్న కోపం చైనా సంతతి కుర్రాడి మీద తీరింది. శిక్ష ప్రొబేషన్, మూడు వేల డాలర్ల జరిమానా. ఒక్కరోజు కూడా జైలు లేదు. నేను వెళ్లేటప్పటికి ఆ కథ ఇంకా పచ్చిగానే ఉంది. మాకన్నా ముందొచ్చిన తెలుగువాళ్లు కొత్తగా వచ్చిన కుర్రాళ్లకు రెండు సలహాలు చెప్పేవారు. చలికోటు మంచిది కొనుక్కోండి. కారు మాత్రం అమెరికన్‌దే కొనుక్కోండి. విదేశీ కార్లు ఇక్కడ పార్క్ చేయొద్దన్న బోర్డులు కొన్ని ఫ్యాక్టరీల ముందు నేనే చూశాను.

అందుకని నా మమకారంలో కొంత భయం కూడా కలిసి ఉంది. 1960ల కార్లను తలచుకునే అమెరికన్‌కు అది తన బాల్యం. నాకు ఆ కాలంలో చోటు లేదు, ఆ కార్లలో కూర్చున్న జ్ఞాపకం లేదు. 1980ల టర్బో కార్లు మాత్రం నేను చూస్తుండగా పుట్టాయి. చదువు కాగానే టర్బో భాగాలను పరీక్షించే ఒక చిన్న సంస్థలో చేరాను. గాజు కిటికీ అవతల ఇంజన్ గంటల తరబడి పూర్తి బలంతో తిరిగేది. టర్బైన్ గూడు మొదట ముదురు ఎరుపుకు, తర్వాత నారింజ రంగుకు మారేది. కమ్మరి కొలిమిలో ఇనుములా. లైట్లు ఆర్పేసి ఆ వెలుగులోనే కాగితాల మీద అంకెలు రాసుకునేవాళ్లం. అక్కడ నా యాస గురించి ఎవరూ అడగలేదు. బేరింగ్ ఎన్ని గంటలు నిలిచిందన్నదే అడిగారు. ఆ దేశంలో నాకు చోటు దొరికిందని మొదట అనిపించింది ఆ గదిలోనే.

1992లో అయిదేళ్ల వయసున్న 1987 గ్రాండ్ నేషనల్ కొన్నాను. అప్పటికి మాకు ఇద్దరు పిల్లలు. "రెండే తలుపులు గదా, పిల్లల్ని వెనక సీట్ల ఎట్ల ఎక్కిస్తరు?" అంది మా ఆవిడ. దానికి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. ముందు సీటు వంచి, ఒక్కొక్కరిని బస్తాల్లా లోపలికి దొర్లించేవాళ్లం. ఆ కారుకు ఎయిర్‌బ్యాగ్ లేదు. వెనక చక్రాలకు పాతకాలం డ్రమ్ బ్రేకులు. మలుపుల్లో పడవలా ఊగుతుంది. కానీ తిన్నటి రోడ్డు మీద, ఆకుపచ్చ లైటు వెలిగినప్పుడు, దాని సంగతి వేరు. కాలు నొక్కగానే ఏమీ జరగదు. తర్వాత ముందువైపు నుంచి ఒక సన్నటి ఈల మొదలవుతుంది. ఈల చిక్కబడుతుంది. కారు ముక్కు పైకి లేస్తుంది. అప్పుడు వీపు సీటుకు అతుక్కుంటుంది. వీ-8 కారు అరిచి చెబుతుంది. ఇది చెప్పకుండా చేస్తుంది.

1996 వేసవిలో నాన్న వచ్చాడు, రిటైరయ్యాక. పక్క సీట్లో కూర్చోబెట్టి ఊరి బయట తిప్పాను. ఈల విన్నాడు. వెనక్కి తిరిగి అద్దంలోంచి చూసి, "దీనికి పొగ రాదేంది?" అని అడిగాడు. లోపలికి వచ్చే గాలి ఎంతో ముందు కొలిచే సెన్సర్ ఉందని, ఆ గాలికి సరిపడా పెట్రోలే కంప్యూటర్ పోస్తుందని చెప్పాను. కాసేపు ఆలోచించాడు. "అట్లనా. గాలిని చూసి నూనె పోస్తదన్నట్టు. మంచిగ చేసిండ్రు" అన్నాడు. ముప్ఫయ్యేళ్లు ఆల్కోల పొగలో బతికిన మనిషి ఇచ్చిన సర్టిఫికెట్ అది. నాన్న పోయి పద్నాలుగేళ్లయింది. ఆ కారులో ఆయన కూర్చున్నది ఆ నెల రోజులే.

ఆ కార్ల కథ మాత్రం అప్పటికే ముగిసింది. 1988 నుంచి బ్యూక్ రీగల్ ముందు చక్రాలతో నడిచే కొత్త డిజైన్‌కు మారాల్సి ఉంది. ఆ టర్బో ఇంజన్‌కు అందులో చోటు లేదు. పోతూపోతూ కంపెనీ 1987లో జీఎన్‌ఎక్స్ తీసింది. సిరామిక్ చక్రమున్న టర్బో, కాగితం మీద 276 హార్స్‌పవర్, ధర 29,290 డాలర్లు. గంటకు 60 మైళ్ల వేగం అందుకోవడానికి 4.7 క్షణాలు పట్టిందని 'కార్ అండ్ డ్రైవర్' పత్రిక లెక్కగట్టింది. 1987 డిసెంబరు 11న మిషిగన్‌లోని పాంటియాక్ ప్లాంట్ నుంచి చివరి గ్రాండ్ నేషనల్ బయటికొచ్చింది. మిగిలిన ఇంజన్ పరిజ్ఞానంతో 1989లో పాంటియాక్ ట్రాన్స్ ఆమ్ పదిహేను వందల పైచిలుకు తయారయ్యాయి. 1991లో జీఎంసీ ఒక చిన్న పికప్ ట్రక్కుకు 280 హార్స్‌పవర్ టర్బో వీ-6 పెట్టి సైక్లోన్ అంది. కార్ అండ్ డ్రైవర్ పోటీ పెడితే పావుమైలు పరుగులో అది ఫెరారీ 348ను ఓడించింది. ట్రక్కే అయినా దాని మీద 500 పౌండ్లకు మించి బరువు వేయకూడదు. దాదాపు మూడు వేలు చేసి ఆపేశారు. చమురు మళ్లీ చౌకయింది. పెద్ద ఇంజన్లు తిరిగొచ్చాయి. జెట్‌ఫైర్ కథే మళ్లీ జరిగింది.

ఏటా ఆగస్టులో డెట్రాయిట్ వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్ల ఊరేగింపు జరుగుతుంది. 1995లో మొదలైన ఈ డ్రీమ్ క్రూజ్‌కు నా కారు చాలాసార్లు తీసుకెళ్లాను. నన్ను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "ఇది నీదేనా?" దాని వెనక ఉన్న రెండో ప్రశ్న నాకు తెలుసు. ఒక ఏడాది డెబ్భై ఏళ్ల నల్లజాతి పెద్దాయన వచ్చాడు. ఆయన ఏమీ అడగలేదు. తలుపుకూ బాడీకీ మధ్య సందులో బొటనవేలు పెట్టి పై నుంచి కిందిదాకా మెల్లగా జరిపాడు. "సందు ఇంకా సమంగానే ఉంది" అన్నాడు. పాంటియాక్ ప్లాంట్‌లో తలుపులు బిగించేవాడట. ఆ లైన్ ఆగాక మళ్లీ ఆ జీతం వచ్చే పని దొరకలేదని చెప్పాడు. మా ఇద్దరి మాటలూ పావుగంటలో అయిపోయాయి. కానీ ఆ కారు ఎవరిదన్న ప్రశ్నకు నాకు దొరికిన సరైన జవాబు ఆయన బొటనవేలే.

మమకారానికి ఒక చెడ్డ అలవాటుంది. అది కారును దాచుకుని మనుషులను వదిలేస్తుంది. బ్యూక్ పుట్టిల్లు ఫ్లింట్‌లో 1970ల చివర జనరల్ మోటార్స్‌కు సుమారు 80 వేలమంది ఉద్యోగులు. అక్కడి బ్యూక్ సిటీ ఫ్యాక్టరీ 1999లో మూతపడింది. 2014 ఏప్రిల్‌లో డబ్బు ఆదా కోసం ఆ ఊరి మంచినీటిని ఫ్లింట్ నది నుంచి ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ నీళ్లకు ఇంజన్ భాగాలు తుప్పు పడుతున్నాయని అక్కడి ఇంజన్ ప్లాంట్ అదే ఏడాది అక్టోబరులో వేరే నీటికి మారిపోయింది. జనం మాత్రం మరో ఏడాది పాటు, సీసం కలిసిన ఆ నీళ్లే తాగారు. జీఎన్‌ఎక్స్ వేలం ధరలు లక్షల డాలర్లకు చేరిన వార్త చదివినప్పుడల్లా నాకు ఇది గుర్తొస్తుంది. ఓల్డ్స్‌మొబైల్ 2004లో పోయింది. పాంటియాక్ 2010లో పోయింది. పేర్లకు మ్యూజియంలున్నాయి. ఆ తలుపులు బిగించినవాళ్లకు లేవు.

టర్బో మాత్రం పోలేదు. 2000ల చివర చమురు ధరలు, మైలేజీ నిబంధనలు మళ్లీ బిగుసుకున్నప్పుడు అది తిరిగొచ్చింది. 2011లో ఫోర్డ్ తన ఎఫ్-150 ట్రక్కుకే రెండు టర్బోల వీ-6 పెట్టింది. మన దేశంలో నాలుగు మీటర్ల లోపు పొడవు, 1,200 సీసీ లోపు పెట్రోలు ఇంజన్ ఉంటే పన్ను తక్కువ. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 పొగ నిబంధనలు. ఈ రెండింటి మధ్య ఇరుక్కున్న ఇంజనీర్లు ఏం చేశారు? చిన్న ఇంజన్‌కు టర్బో పెట్టారు. హైదరాబాద్‌లో మా తమ్ముడి కొడుకు నడిపే చిన్న ఎస్‌యూవీలో లీటరు ఇంజన్ వంద హార్స్‌పవర్ దాటి ఇస్తోంది. 1975 కార్వెట్ లెక్కలో లీటరుకు వచ్చింది ముప్ఫై లోపే. వాడికి తన కారులో టర్బో ఉందన్న సంగతి కూడా పట్టదు. ల్యాగ్ అంత తగ్గిపోయింది. నిబంధన వస్తే పరిశ్రమ చచ్చిపోతుందని ఎవరైనా అన్నప్పుడు నేను ఆ చిన్నకారును చూపిస్తాను.

మా అమ్మాయి ఎలక్ట్రిక్ కారు నడుపుతుంది. బ్యాటరీల ఇంజనీరు. దాని ముందు నా గ్రాండ్ నేషనల్ నిలవదు. నొక్కిన క్షణమే కారు కదులుతుంది. ఈల లేదు, ఎదురుచూపు లేదు. ఒకసారి నా కారు నడిపించి ఎలా ఉందని అడిగాను. "నాన్నా, ఇది అడిగిన తర్వాత ఆలోచిస్తోంది" అంది. ఫిర్యాదుగానే అంది. నాకు మాత్రం అదే దాని గుణం అనిపిస్తుంది. మధ్యలో ఒక యంత్రం పొగను పోగుచేసుకుని, వృథాగా పోవలసినదాన్ని బలంగా మార్చుకుంటున్న చప్పుడు వినబడుతుంది. లేనిదాంతో సర్దుకుని నెగ్గుకొచ్చే ఇళ్లలో పెరిగినవాళ్లకు ఆ చప్పుడు పరాయిది కాదు.

ఇప్పుడు నాకు అరవై నాలుగు. ఆ బరువు తలుపు తెరిచి, అంత కిందికి వంగి కూర్చోవడం మోకాళ్లకు కష్టంగా ఉంది. అమ్మాలని నిర్ణయించాను. ఇద్దరు ముందుకొచ్చారు. ఒకాయన దగ్గర ఇలాంటివి పన్నెండు ఉన్నాయి. చలి, తేమ తగలని గదిలో పెట్టి, ఏడాదికోసారి స్టార్ట్ చేస్తాడట. అడిగినంతా ఇస్తానన్నాడు. రెండోవాడు ఫ్లింట్ దగ్గర చిన్న గరాజు నడిపే ముప్ఫయ్యేళ్ల మెకానిక్. ఇవ్వగలిగింది ఆరు వేల డాలర్లు తక్కువ, అదీ రెండు విడతల్లో. బానెట్ ఎత్తినప్పుడు అతను ముందు ఇంజన్‌ను చూడలేదు. గాలి గొట్టం మీద చెయ్యి పెట్టి, జాయింట్లు ఎక్కడైనా వదులయ్యాయేమోనని ఒక్కొక్కటే తడిమి చూశాడు. రోజూ నడుపుతావా అని అడిగాను. మంచు పడని రోజుల్లో నడుపుతానన్నాడు.

ఆరు వేలంటే తక్కువ కాదు. మా ఆవిడ లెక్క వేసి చెప్పింది కూడా. అయినా తాళాలు అతనికే ఇచ్చాను.